నౌపడ నుంచి రాయగడ దాకా: ఒక రాజు వేసిన రైలు, మధ్యలో ఆగిన పట్టాలు

మొదటి రోజు: నౌపడ, పాతపట్నం, పర్లాకిమిడి

నౌపడ పేరు చెబితే శ్రీకాకుళం జిల్లాలో ఎవరికైనా ముందు ఉప్పే గుర్తొస్తుంది. సముద్రం వైపు వెళ్తే చదునైన ఉప్పు మడులు, వాటి గట్ల మీద తాటాకు కప్పిన ఉప్పు కుప్పలు. రైల్లో పోయేవాళ్ళకు మాత్రం నౌపడ అంటే ఒక మలుపు. విశాఖ నుంచి వచ్చే గుణుపురం బండి ఇక్కడే హౌరా లైను వదిలి పడమటికి, కొండల వైపు తిరుగుతుంది. ఆ మలుపుకి నూట పాతికేళ్ళ చరిత్ర ఉంది. నా ప్రయాణం దాని కోసమే.

1890ల్లో బెజవాడ నుంచి కటకం వైపు తూర్పు తీరం రైలుమార్గం వేశారు. అది సముద్రం పక్కనుంచే పోయింది. లోపల ఉన్న పర్లాకిమిడికి రైలు 40 కిలోమీటర్ల దూరంలో ఆగిపోయినట్టయింది. వంశధార, మహేంద్రతనయ నీళ్ళతో పండిన ధాన్యమంతా ఎడ్ల బళ్ళ మీద నౌపడకు రావాలి. వానాకాలంలో అదీ కుదరదు. అప్పటి పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి నారాయణ దేవ్ ప్రభుత్వం వేస్తుందని చూస్తూ కూర్చోలేదు. సొంత ఖజానా నుంచే లైను వేయించాడు. 1898లో పని మొదలైంది. 1900 ఏప్రిల్ 1న నౌపడ, పర్లాకిమిడి మధ్య బండి నడిచింది. దాదాపు 7 లక్షల రూపాయలు ఖర్చయింది. పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే.

లైట్ అనడం ఎందుకంటే అది నారోగేజి. రెండు పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. మెయిన్ లైనులో అది 1676. పట్టా తేలిక, ఇంజను తేలిక, వంతెన చిన్నది, మలుపు ఎంత వంకర తిరిగినా బండి పోతుంది. ఒక జమీందారు భరించగలిగింది అలాంటి లైనే. కానీ అందులో ఒక చిక్కుంది. చిన్న బండి వ్యాగన్ పెద్ద లైను ఎక్కదు. అందుకని నౌపడలో ప్రతి బస్తా ఒక వ్యాగన్ నుంచి దిగి ఇంకో వ్యాగన్ ఎక్కాలి. కలకత్తా వెళ్ళే బియ్యమైనా, కొండల్లోకి వెళ్ళే ఉప్పయినా అంతే.

స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర ఒక తాత కలిశాడు. ఆయనా, ఆయన తండ్రీ ఇక్కడే కలాసీలు. పాత బండి సంగతి అడిగితే ముందు తన కుడి భుజం చూపించాడు. మెడకీ భుజానికీ మధ్య చర్మం నల్లగా, మందంగా కాయ కాసి ఉంది.

"బియ్యం బస్తా మోస్తే బరువే బాబూ, అంతే. ఉప్పు బస్తా అలాక్కాదు. సెమ్మగిల్లి ఊటొచ్చీది. ఆ ఊట భుజమ్మీద కారితే తోలు ఊడొచ్చీది. రాత్రి ఆవదం రాసుకుని పడుకునీవోళ్ళం. పొద్దున్నే మళ్ళీ బండి."

ఖాళీ గోనె సంచిని నాలుగు మడతలు వేసి భుజానికి ఎలా కట్టుకునేవారో, కొంకి బస్తాలో ఏ మూలన గుచ్చితే చిరగకుండా లేస్తుందో టీ గ్లాసు పక్కన పెట్టి చేతులతో చేసి చూపించాడు. కుట్టు ఉన్న మూల పట్టాలట, నడుము పట్టకూడదట. రాజుగారు డబ్బు పెట్టారు, నిజమే. ఆ రైలు నడిచింది మాత్రం ఈ భుజాల మీద. లైను గురించి ఎక్కడ చదివినా కలాసీల ఊసు రాదు, అది నాకు బాధగా ఉంటుంది.

బండి వచ్చింది. ఇప్పుడు ఈ లైనూ బ్రాడ్‌గేజే, పైన కరెంటు తీగలు. టెక్కలి దాటాక ఊళ్ళు పలచబడి పొలాలు మొదలయ్యాయి. పెదసాన, టెంబూరు. ఉత్తరాన మహేంద్రగిరి. 1501 మీటర్ల కొండ అది, చాలా దూరం మనతోపాటే వస్తుంది. ఎదురు సీట్లో ఒకామె ఫోన్లో కూతురితో తెలుగులో మాట్లాడుతోంది. మధ్యలో ఎవరో పిలిస్తే ఒడియాలో జవాబిచ్చి మళ్ళీ తెలుగులోకి వచ్చేసింది. పాతపట్నం ఆంధ్రలో ఆఖరి స్టేషన్. తర్వాత వచ్చేది పర్లాకిమిడి, అది ఒడిశా. రెండూ ఆనుకుని ఉన్న ఊళ్ళే. పొద్దున్నే సైకిలు మీద ఈ రాష్ట్రంలోంచి ఆ రాష్ట్రానికి కూలికి వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తారు.

ఇక్కడ తేదీలు చూడాలి. రైలు 1900 ఏప్రిల్ 1న వచ్చింది. ఒరిస్సా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది. సరిగ్గా ముప్పై ఆరేళ్ళ తేడా. అప్పటిదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. ఒకే ఎస్టేటు, ఒకే రైలు. 1936లో పర్లాకిమిడి పట్టణం, ఎస్టేటులో కొంత భాగం ఒరిస్సాకి వెళ్ళాయి. పాతపట్నం, టెక్కలి మద్రాసులో ఉండిపోయాయి. లైను మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. రాష్ట్రాలకంటే ముందు పుట్టింది కాబట్టి ఈనాటికీ పాత ఎస్టేటు దారినే పోతోంది.

రెండో రోజు: పర్లాకిమిడి

పొద్దున్నే రైస్ మిల్లుకి వెళ్ళాను. లాడ్జి కుర్రాడు తన పెదనాన్న పనిచేసే మిల్లు చూపిస్తానని తీసుకెళ్ళాడు. పర్లాకిమిడి అంటే అందరూ రాజుగారి కోటలు, కొమ్ముతో చేసే బొమ్మలు చెబుతారు. రైలు ఎందుకొచ్చిందో తెలియాలంటే మాత్రం మిల్లుకే పోవాలి.

లోపలికి అడుగు పెట్టగానే తవుడు వాసన. ధాన్యం నేలలో ఉన్న గుంటలోకి పోస్తారు. అక్కడి నుంచి బెల్టుకి బిగించిన చిన్న చిన్న రేకు డబ్బాలు దాన్ని పైకి తోడతాయి. జల్లెడలో రాళ్ళూ గడ్డీ పోయి, రబ్బరు రోలర్ల మధ్య పడి పొట్టు వలుస్తుంది. ఊక ఒక గొట్టంలోంచి వెనక పెరట్లో పడుతుంది. అది ఇంటెత్తు కుప్ప. బియ్యం పాలిష్ అయ్యాక నూకలు వేరు, తవుడు వేరు. కుర్రాడి పెదనాన్న గుప్పెడు బియ్యం తీసి అరచేతిలో పరిచి, ఒక గింజని పంటితో కొరికి చూశాడు. "ఇంకా పచ్చిగుంది, రెండ్రోజులు ఎండాలి" అని ఆ లాటు ఆపేశాడు. తేమ చూసే మిషన్ ఆఫీసు గదిలో ఉంది. ఆయన దాని దగ్గరకు వెళ్ళనే లేదు.

"రైలు బండి ఉన్నప్పుడు సరుకు ఎటు వెళ్ళేదండీ?" అని అడిగాను.

"నౌపడ. ఇంకెక్కడికెళ్తాది? అక్కడ దించి పెద్ద బండికి ఎక్కించీవోరు. ఇప్పుడు లారీ గేటు దగ్గరికే వస్తాది."

ఈ లైను మొదట్లో నష్టాల్లోనే నడిచింది. 1910 తర్వాత గానీ కొద్దిపాటి లాభం కళ్ళ చూడలేదు. 1924-25 దాటాక లాభాలు బాగా పెరిగాయి. గౌరచంద్ర గజపతి ఆ లాభం చూడకుండానే చనిపోయాడు. ఏటేటా నష్టం వస్తున్న రైలుని మూసేయకుండా పదేళ్ళు నడిపించడం చిన్న సంగతి కాదు. రైలు ఉందని నమ్మకం కుదిరాకే రైతు ఎక్కువ పండిస్తాడు, వ్యాపారి గోదాము కడతాడు. ఆ నమ్మకం కుదరడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళన్నీ ఎస్టేటు భరించింది.

మధ్యాహ్నం గజపతి ప్యాలెస్ బయట నుంచి చూశాను. మద్రాసులో పెద్ద పెద్ద భవనాలు కట్టిన రాబర్ట్ చిజమ్ దీని శిల్పి. ఎండకి ఎర్రగా మెరిసే గోడలు, కమానులు. బాగుంది. కానీ నా మనసు ఇంకో చోట ఉంది.

ఈ ఊరి రాజా వారి బడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పారు. తెలుగు చదువుకున్న ఎవరికైనా ఆయన పేరు తెలుసు. మనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోరాడిన మనిషి. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. వంశధార ఒడ్డున ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. పర్లాకిమిడి చుట్టూ కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, లిపి లేని ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. సవర పిల్లల కోసం బడులు పెట్టించారు.

నేను ఈ కథంతా ఎందుకు చెబుతున్నానంటే, 1936 గీత ఆయన జీవితం మీదుగా కూడా పోయింది. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. కలిపేశాక ఎన్నో ఏళ్ళు బతికిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి వయసు డెబ్బై దాటింది. 1940 జనవరిలో కన్నుమూశారు. అవతలి పక్షాన కృష్ణచంద్ర గజపతి. గౌరచంద్రుడి కొడుకు. ఒరిస్సా రాష్ట్రం కోసం లండన్ రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్ళి వాదించాడు. 1937లో ఆ రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి అయ్యాడు, అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు. ఇప్పుడు ఈ జిల్లా పేరే గజపతి.

ఇద్దరూ ఈ ఊరివాళ్ళే. తమ తమ భాషల కోసం నిజాయితీగా నిలబడ్డవాళ్ళే. ఒకరికి ఊరు దక్కింది, ఒకరు ఊరు వదిలారు. తెలుగువాడిగా నాకు గిడుగువారి మీదే మనసు లాగుతుంది, దాచుకోను. అయినా సాయంత్రం బజార్లో నడుస్తుంటే పక్కపక్కనే తెలుగూ ఒడియా బోర్డులు, కూరల కొట్టు దగ్గర తెలుగులో బేరం, పక్క బండి దగ్గర దహీబరా ఆలూదమ్ తింటూ ఒడియాలో కబుర్లు. ఎవరి భాష వాళ్ళకుంది. ఆ మాట పంతులుగారు వింటే కొంచెమైనా స్థిమితపడేవారని అనుకున్నాను.

మూడో రోజు: గుణుపురం

పర్లాకిమిడి నుంచి గుణుపురం లైను కృష్ణచంద్ర గజపతి వేయించాడు. 1925 తర్వాత వచ్చిన లాభాలు చూసి, రెండు దఫాలుగా 1929లో, 1931లో పట్టాలు పొడిగించాడు. దాంతో నౌపడ నుంచి గుణుపురం దాకా మొత్తం 90 కిలోమీటర్లయింది. బండి కాశీనగర్ మీదుగా వంశధార లోయలో పోతుంది. ఈ ముక్క మొదటి రోజు చూసినదానికంటే అందంగా ఉంది. రెండు పక్కలా కొండలు, మధ్యలో వరి, దూరంగా ఇసుక మేటలు. గుణుపురం అప్పట్లో పర్లాకిమిడి ఎస్టేటు కాదు, జయపురం వారిది. అంటే రాజు తన హద్దు దాటి పక్క జమీ వ్యాపారం కోసం రైలు పంపాడు.

స్టేషన్‌కి మావయ్య వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఇక్కడ కిరాణా కొట్టు నడుపుతున్నాడు. అన్నం తిన్నాక చిన్న రైలు ఆగిపోయిన కాలం గురించి అడిగాను.

"2004 జూన్‌లో ఆపేసేర్రా. పెద్ద లైను వేస్తామన్నారు. బ్రాడ్‌గేజి బండి మా ఊరు వచ్చేసరికి 2011. ఏడేళ్ళు! సరుకంతా లారీల మీదే. కిరాయి పెరిగింది, మేమూ ధర పెంచాం. కొండ మీద నుంచొచ్చే సవర వాళ్ళు చింతపండు, అడ్డాకులు, చీపుర్లు తెచ్చి రైలెక్కించీవోరు. వాళ్ళకి లారీ ఎవడిస్తాడు? దళారీ ఎంతిస్తే అంతకి ఇచ్చేసి పోయేవోరు."

"ఆఖరి రోజు నువ్వు వెళ్ళేవా మావయ్యా?"

"ఊరంతా ఎళ్ళేం. ఇంజనుకి పూలదండలు. మీ అత్తయ్య ఏడిసింది. పెళ్ళయ్యాక ఆ బండిలోనే కదరా ఇక్కడికొచ్చింది."

అత్తయ్య లోపల్నుంచి "నేనొక్కదాన్నే ఏడిసేనా?" అంది. మావయ్య ఏమీ అనలేదు.

నౌపడ నుంచి లెక్కేస్తే వంద ఏళ్ళకు పైగా నడిచిన బండి అది. బ్రాడ్‌గేజి కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. నౌపడలో బస్తా దించి ఎక్కించే పని తప్పింది, పూరీ నుంచి, విశాఖ నుంచి నేరుగా బళ్ళొస్తున్నాయి. కానీ కొత్త లైను సిద్ధం కాకముందే పాతది ఏడేళ్ళు మూసేస్తే ఆ నష్టం లెక్క ఏ పుస్తకంలోనూ ఎక్కదు. అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చిన మనిషి నష్టం అది.

నాలుగో రోజు: రాయగడ, జేకేపూర్

గుణుపురం స్టేషన్ దాటితే పట్టాలు లేవు. ఈ ప్రయాణంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే.

1931లో ఇక్కడికి చిన్న రైలు వచ్చింది. అదే 1931లో కొండలకు ఆ పక్క విజయనగరం, రాయపూర్ లైను పూర్తయింది. పార్వతీపురం దాకా అంతకుముందే ఉన్న లైనుని బెంగాల్ నాగపూర్ రైల్వే రాయగడ మీదుగా మధ్య పరగణాల దాకా తీసుకెళ్ళింది. కారణం విశాఖ హార్బరు. 1933లో హార్బరు తెరిచారు. మధ్య భారతం మాంగనీసు ఓడ ఎక్కాలంటే ఈ లైను కావాలి. ఒక రైలు రాజు బియ్యం కోసం వేసింది, ఇంకొకటి కంపెనీ ఖనిజం కోసం వేసింది. రెండూ ఒకే ఏడు పూర్తయి, కొండల వరస అడ్డం ఉండి, ఇన్నాళ్ళూ కలవలేదు.

ఆ ఎడం బస్సులో దాటాను. ఘాటీ రోడ్డు, సీట్ల మధ్య కోళ్ళ బుట్టలు, ముక్కుకి మూడు పుడకలు పెట్టుకున్న కోదు తెగ ఆడవాళ్ళు ఎక్కడో అడవి మలుపులో దిగి కాలిబాట పట్టి వెళ్ళిపోయారు. వాంతులు చేసుకునే పిల్లల కోసం కండక్టర్ కవర్లు పంచుతూనే ఉన్నాడు. రైల్లో రావాలంటే గుణుపురం నుంచి వెనక్కి నౌపడ, అక్కడి నుంచి విజయనగరం, మళ్ళీ పైకి రాయగడ. మూడు వందల కిలోమీటర్లకు పైగా చుట్టు.

రాయగడలో దిగి ముందు మజ్జిగౌరి అమ్మవారి దర్శనం చేసుకున్నాను. క్యూలో సగం మంది పార్వతీపురం, బొబ్బిలి నుంచి వచ్చినవాళ్ళే. ఈ ఊరూ 1936 దాకా విశాఖపట్నం జిల్లాయే.

పెద్ద రైలు వస్తే ఊరికి ఏం జరుగుతుందో రాయగడలో చూడొచ్చు. లైను వచ్చిన కొన్నేళ్ళకే, 1930ల్లో, ఇక్కడ జయపురం షుగర్ కంపెనీ చక్కెర మిల్లు పెట్టింది. 1962లో పక్కనే కాగితం మిల్లు వచ్చింది. దాని చుట్టూ పుట్టిన ఊరే జేకేపూర్. మన జిరాక్స్ షాపుల్లో కనిపించే జేకే కాపియర్ కట్టలు ఇక్కడా తయారవుతాయి. అడవిలో వెదురు, నాగావళిలో నీళ్ళు, పక్కనే రైలు. కాగితం మిల్లుకి ఈ మూడూ ఉండాలి, ఇక్కడ మూడూ ఉన్నాయి.

ఆటో దిగకముందే వాసన తెలుస్తుంది. కుళ్ళిన కోడిగుడ్డు, ఉడికిన క్యాబేజీ కలిపినట్టు ఉంటుంది. చెక్క ముక్కల్ని కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన నీళ్ళలో పెద్ద ఒత్తిడి మీద ఉడికిస్తారు. చెక్కలో జిగురులా పట్టి ఉంచే పదార్థం కరిగిపోయి పీచు మిగులుతుంది. ఆ పీచే కాగితం. కరిగిపోయింది నల్లటి చిక్కటి ద్రవంలా వస్తుంది. దాన్ని పారబొయ్యకుండా బాయిలర్‌లో మండించి ఆవిరి తీసి, మందులు మళ్ళీ రాబడతారు. ఆ సల్ఫైడ్ వల్లే వాసన. క్వార్టర్సులో పుట్టి పెరిగిన ఒకమ్మాయి గేటు దగ్గర కొట్లో ఉంది. ఆమెని అడిగితే "ఏ వాసన?" అంది.

గేటు బయట లారీల బారు. ఒకప్పుడు వెదురు, ఇప్పుడు ఎక్కువగా సుబాబుల్, సరుగుడు, నీలగిరి దుంగలు. రైతుల పొలాల్లో పెంచినవే, ఆంధ్ర నుంచీ వస్తాయి. తూకం కోసం ఎదురుచూస్తున్న ఒక డ్రైవరు లారీ కింద నీడలో గొడుగు గుడ్డ పరుచుకుని పడుకున్నాడు. పార్వతీపురం పక్క ఊరివాడు. మాటల్లో తెరువలి లైను సంగతి వచ్చింది. గుణుపురం నుంచి తెరువలి దాకా 73.62 కిలోమీటర్ల కొత్త రైలుమార్గానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. తెరువలి రాయగడకు పైన, ఈ రాయపూర్ లైను మీదే ఉంది. అది పూర్తయితే 1931లో విడిగా ఆగిన రెండు లైన్లూ కలుస్తాయి. గుణుపురం సరుకు నౌపడ చుట్టు తిరగకుండా నేరుగా రాయపూర్ వెళ్తుంది.

"ఆ లైను వస్తే ఘాటీ మీద మీ కిరాయిలు పడిపోవా?" అన్నాను.

ఆయన లేచి కూర్చున్నాడు. "పడితే పడతాయి బాబూ. మా పాప గుణుపురంలో ఇంజినీరింగ్ సదువుతోంది. పండక్కి రావాలంటే ఆ బస్సులో దానికి ఒకటే వాంతులు, ఇంటికొచ్చి రెండ్రోజులు లెగదు. రైలైతే అలాగుండదు కదా. ఎప్పటికవుతుందంటున్నారు, మీకేటైనా తెలుసా?"